గోడ అవతలికి వినిపించినా ఫర్వాలేని ప్రార్థన

చెల్లీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గుణుపురంలో అత్తగారితో, ఇద్దరు పిల్లలతో ఉంటున్నావు. మీ ఆయన పని హైదరాబాద్‌లో. పక్కింటావిడ వంటింటి నీళ్లు మీ గేటు ముందుకి వదులుతోంది, ఊడ్చిన చెత్త మీ వైపుకి తోస్తోంది, పిల్లలు వీధిలో ఆడుకుంటే తిడుతోంది. ఆవిడ కొడుకు పని లేక ఇంట్లో కూర్చుని పొద్దస్తమానం పాటలు పెడుతున్నాడు. పోయిన అమావాస్య మర్నాడు మీ గేటు దగ్గర పసుపు పూసిన నిమ్మకాయ ఒకటి కనిపించింది. ఎవరో నీకు ఫోన్‌లో ఇరవై ఒక్క రోజుల ‘శత్రునాశన ప్రార్థన’ పంపారు. అది చదివావు, మూడు శుక్రవారాలు ఉపవాసం ఉన్నావు, శత్రువుల మీద శాపాలున్న బైబిల్ 109వ కీర్తన రోజూ గట్టిగా చదువుతున్నావు. ఏమీ మారలేదు. “ఆవిడ ఇల్లు ఖాళీ చేసి పోయేంత బలమైన ప్రార్థన రాసి పెట్టండి అక్కా” అని అడిగావు.

అలాంటి ప్రార్థన ఇప్పుడు నా దగ్గర లేదు. ఒకప్పుడు ఉండేది. ముందు దాని సంగతి చెప్తాను, సిగ్గుగానే ఉంది గాని చెప్పాలి.

మాదీ ఒడిశా సరిహద్దే, పర్లాకిమిడి. నర్సుగా పనిచేసి రిటైరయ్యాను, సంఘంలో స్త్రీల సమాజం పనులు చూస్తాను. ఎవరింట్లో కష్టం వచ్చినా ప్రార్థనకి నన్ను పిలుస్తారు. అంచేత నాకు ప్రార్థన చెయ్యడం రాదని ఎవరూ అనుకోరు, నేనూ అనుకోలేదు. మా పక్కింటివాళ్లు ఒడియావాళ్లు. బరంపురం నుంచి వచ్చి ఇల్లు కొనుక్కున్నారు. వాళ్ల మేడ మీది వాన నీళ్ల గొట్టం మా పెరటి గోడ మీదకి ఉండేది. రెండు వానాకాలాలకే గోడ చెమ్మెక్కి పెచ్చులు రాలడం మొదలైంది. ఒక మాట నేనన్నాను, రెండు మాటలు ఆవిడంది. తర్వాత కోళ్లు, తర్వాత మా అబ్బాయి స్కూటర్ పెట్టే చోటు, తర్వాత మామిడాకులు. నీకు వివరంగా చెప్పక్కర్లేదు, ఇలాంటివి ఎలా పెరుగుతాయో నీకే బాగా తెలుసు.

నేను రోజూ తెల్లవారుజామున ఐదింటికి పెరటి అరుగు మీద కూర్చుని ప్రార్థన చేసుకునేదాన్ని. గొంతెత్తి చెయ్యడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆవిడ పేరు పెట్టి, “తండ్రీ, ఈ దుష్టురాలి నోరు మూయించు, ఈ ఇంట్లోంచి వెళ్లగొట్టు, నీ దాసురాలిని ఏడిపించినవాళ్లు ఏడ్చేలా చెయ్యి” అని. ఆవిడకి తెలుగు రాదని నా ధీమా. ఇంచుమించు రెండేళ్లు ఇలాగే నడిచింది.

ఒకరోజు బజార్లో కూరగాయల దగ్గర ఉన్నాను. పాతపట్నం నుంచి బుట్టలు తెచ్చుకుని అమ్ముకునే ఒక తెలుగామె దగ్గర మా పక్కింటావిడ వంకాయలు బేరమాడుతోంది. తెలుగులో! నాకంటే శుభ్రంగా, మంచి యాసతో. బరంపురంలో తెలుగువాళ్ల వీధిలో పుట్టి పెరిగిందట, తర్వాత తెలిసింది. నన్ను చూసింది. ఏమీ అనలేదు. సంచి భుజానికి తగిలించుకుని వెళ్లిపోయింది. రెండేళ్ల పాటు తెల్లారుజామున ఐదింటికి ప్రతి మాటా విన్నదన్నమాట. వింటూ ఒక్కనాడూ గోడ దగ్గరకొచ్చి ఇదేమిటని అడగలేదు. ఆ రోజు నేను కూరగాయలు కొనకుండానే ఇంటికొచ్చేశాను.

మన సరిహద్దు ఊళ్లలో ఇదొక తంటా. ఎవరికి ఏ భాష వచ్చో, ఎంత వచ్చో చెప్పలేం. 1936లో ఒడిశా రాష్ట్రం విడిగా ఏర్పడ్డప్పుడు పటం మీద గీత గీశారు గాని వీధుల్ని విడదీయలేకపోయారు. ఇదే ఊళ్లో పంతులుగారిగా ఉంటూ గిడుగు రామమూర్తిగారు చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం కూడా రాశారు. నేనేమో పక్కింటావిడకి నా భాష వచ్చన్న సంగతైనా తెలుసుకోలేకపోయాను. సరే.

ఆ రోజు నుంచి నేను పెట్టుకున్న కొలత ఒకటే. పక్కింటివాళ్ల గురించి నేను చేసే ప్రార్థన గోడ అవతలికి వినిపిస్తే నాకు తలవంపులుగా ఉంటుందా? ఉంటే అది దేవుడితో మాట్లాడటం కాదు, దేవుడి పేరు పెట్టి తిట్టడం. నీకు వచ్చిన ఆ ఇరవై ఒక్క రోజుల ప్రార్థనని ఈ కొలతతో ఒకసారి చూడు. ఆవిడ నీ గుమ్మంలో నిలబడి వింటుంటే అది చదవగలవా?

109వ కీర్తన చదవడం తప్పని నేను అనను. అది బైబిల్లో ఉంది, ఊరికే లేదు. కడుపు మండినవాడు ఆ మంటని తీసుకెళ్లి దేవుడి ముందు కుమ్మరించవచ్చని అది మనకి చెబుతోంది. కానీ ఒకటి గమనించు. ఆ కీర్తన చెప్పిన మనిషి తీర్పు దేవుడికి వదిలేశాడు, తాను కర్ర పట్టుకోలేదు. అంతేకాదు, నేను ప్రేమ చూపిస్తే వాళ్లు పగ పట్టారు, అయినా నేను ప్రార్థన చేస్తూనే ఉన్నాను అని మొదట్లోనే చెప్పుకున్నాడు. మనం ప్రేమ చూపించిన భాగం వదిలేసి తర్వాతి శాపాల దగ్గర మొదలుపెడతాం. పైగా నువ్వు గట్టిగా చదువుతున్నానన్నావు. దేవుడికి వినపడాలనా, ఆవిడకి వినపడాలనా? నేనైతే ఆవిడకి అర్థం కాదనుకుని గట్టిగా చేశాను. నీ సంగతి నువ్వే చూసుకో.

లూకా సువార్త తొమ్మిదో అధ్యాయంలో ఒక సమరయ గ్రామం యేసుకి బస ఇవ్వలేదు. వెంటనే ఆయన శిష్యులు యాకోబు, యోహాను, ‘ఆకాశం నుంచి అగ్ని దిగి వీళ్లని కాల్చేయమందామా ప్రభువా’ అని అడిగారు. ఇదీ శత్రునాశన ప్రార్థనే. ప్రభువు వాళ్లనే గద్దించి, ఇంకో ఊరికి దారి తీశాడు. ఇంతవరకూ అందరికీ తెలుసు. అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయానికి వచ్చేసరికి అదే యోహాను పేతురుతో కలిసి సమరయకి వెళ్లి, ఆ మనుషుల మీద చేతులుంచి, వాళ్లకి పరిశుద్ధాత్మ రావాలని ప్రార్థన చేశాడు. అగ్ని అడిగిన నోటితోనే! ఆ మొదటి ప్రార్థనకి జవాబు వచ్చి ఉంటే రెండో దానికి మనుషులే మిగిలేవారు కాదు.

ఉపవాసం గురించి ఒక్క మాట. యెషయా 58వ అధ్యాయం తీసి చదువు. కలహం పెట్టుకుంటూ ఉండే ఉపవాసం పైకి వినపడదని అక్కడ సూటిగా ఉంది. పిల్లలతో, ముసలి అత్తగారితో ఒంటరిగా సంసారం ఈదుతున్నదానివి, నాలుగో శుక్రవారం కడుపునిండా తిను. నీరసం వస్తే కోపం ఇంకా త్వరగా వస్తుంది, ఇది నర్సుగా చెబుతున్న మాట.

మరి ఏమని ప్రార్థన చెయ్యాలి? నీ ప్రశ్నలో ఆవిడని ‘ఆవిడ’ అన్నావు, ‘ఆ మనిషి’ అన్నావు, ‘శత్రువు’ అన్నావు. పేరు ఎక్కడా లేదు. ఇక్కడ రాయమని కాదు, రాయకూడదు కూడా. కానీ ప్రార్థనలో పేరు ఉండాలి. శత్రువు కోసం చేసే ప్రార్థనలో శత్రువే పెరుగుతాడు. ఒక పేరున్న మనిషి కోసం చేస్తే, ఆ మనిషికి మోకాళ్లు ఉంటాయి, పిల్లలు ఉంటారు, అప్పులు ఉంటాయి. ఆవిడ కొడుక్కి పని లేదని నువ్వే రాశావు. నువ్వు దాన్ని ఫిర్యాదుగా రాశావు, నాకు అది ప్రార్థన అంశంగా కనిపించింది. ఎదిగిన కొడుకు పని లేకుండా ఇంట్లో కూర్చుంటే తల్లి నోరు వీధిలోకే వస్తుంది. నిజంగా అదే కారణమో కాదో నాకు తెలీదు, కానీ అలాంటి ఇళ్లు నేను చాలా చూశాను.

నేను చేసేది ఇలా ఉంటుంది. నీకు నచ్చినట్టు మార్చుకో:

“తండ్రీ, మా పక్కింటి ఈమెని పేరు పెట్టి నీ ముందుకి తెస్తున్నాను. ఆమె మీద నాకు కోపంగా ఉంది. అది నీకు తెలుసు, దాచి ప్రయోజనం లేదు. ఆ నీళ్లు నా గేటు ముందు నిలుస్తున్నాయి, పిల్లలు జారిపడుతున్నారు. ఇది న్యాయం కాదు ప్రభువా, దీనికి ఒక దారి చూపించు. ఆమె ఇంట్లో నాకు తెలియని కష్టం ఏముందో నువ్వు చూడు. ఆమె కొడుక్కి పని దయచెయ్యి. నా వల్ల ఆమెకి కలిగిన ఇబ్బంది ఏదైనా ఉంటే నాకు చూపించు, ఒప్పుకునే ధైర్యం ఇవ్వు. నేను ఆమెతో మాట్లాడేటప్పుడు నా నోటికి కావలి ఉంచు. నా పిల్లల మనసులో ఆమె మీద పగ నేనే నాటకుండా నన్ను కాపాడు. పెద్దలకో అధికారులకో చెప్పాల్సి వస్తే, అబద్ధం కలపకుండా, భయపడకుండా చెప్పనివ్వు. మా రెండిళ్లకీ సమాధానం దయచెయ్యి. యేసు నామంలో అడుగుతున్నాను తండ్రీ, ఆమేన్.”

ఇందులో ‘న్యాయం కాదు’ అన్న మాట తీసెయ్యకు. కొంతమంది పెద్దలు ఓర్చుకో, ఓర్చుకో అని దాన్ని తీయించేస్తారు. మిమ్మల్ని హింసించేవాళ్ల కోసం ప్రార్థన చెయ్యండి అన్నాడు ప్రభువు. హింసని హింస కాదు అనుకోమనలేదు. ‘నోటికి కావలి’ అన్నది 141వ కీర్తనలోది. గేటు దగ్గర రక్తం ఉడుకుతున్నప్పుడు ఇంత పెద్ద ప్రార్థన గుర్తుకు రాదు. అప్పుడు “ప్రభువా, నా నోరు పట్టుకో” అను చాలు. నేను ఇప్పటికీ వారానికి రెండు మూడు సార్లు అంటాను.

‘నా వల్ల కలిగిన ఇబ్బంది’ అన్నప్పుడు మాత్రం నిజంగా ఆగి చూడు. ఎదుటివాళ్ల కంట్లో నలుసు, మన కంట్లో దూలం సంగతి ప్రభువు ఊరికే చెప్పలేదు. మా గోడ గొడవలో తాపీమేస్త్రిని పిలిచి చూపిస్తే, ముందు మా రేకుల వసారా నీళ్లు వాళ్ల పెరట్లోకి పడుతున్నాయని తేలింది. అన్నేళ్లూ ఆ సంగతి మాకు పట్టలేదు, మన నీళ్లు మనకి కనపడవు. మీ ఇంట్లో గృహకూటాలు, అంటే ఇంటి ప్రార్థన కూడికలు, జరుగుతాయా? మైకు పెడతారా? డిసెంబరులో క్యారల్స్ వాళ్లు డప్పులతో రాత్రి ఒంటిగంటకి వస్తారా? ఇది నేను అడగకూడదనుకున్నావేమో. తెల్లారకుండానే లేచి పెద్ద గొంతుతో స్నేహితుణ్ణి దీవిస్తే అది వాడికి శాపంగానే లెక్కపడుతుందని సామెతల గ్రంథం 27వ అధ్యాయంలో ఉంది. చట్టం కూడా రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకూ బయట లౌడ్‌స్పీకర్ వద్దంటోంది, 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. ఈ నియమం ఆవిడ కొడుకు పాటలకి ఎంతో, మన ఆరాధనకీ అంతే. మనం పాటించకుండా వాళ్ల మీద ఫిర్యాదు చేస్తే మన మాట ఎవరూ వినరు.

ఇక నిమ్మకాయ. నీ ప్రశ్నలో నాకు నిజంగా టెన్షన్ పుట్టించింది నీళ్ల గొడవ కాదు, ఇదే. మీ ప్రార్థన గుంపులో ఒకామె “ఇది చిల్లంగి, ఆవిడే చేయించింది” అన్నదని, అంటే చేతబడి అన్నదని రాశావు. దయచేసి ఆ మాట ఇంకెవరి దగ్గరా అనకు. పిల్లల ముందు అసలే అనకు. వీధిలో నిమ్మకాయ ఎవరిదైనా కావచ్చు, కొత్త బండికి పూజ చేసి చక్రం కింద పెట్టింది దొర్లి రావచ్చు. ఎవరు పెట్టినా సరే, చీపురుతో ఊడ్చి చెత్తబుట్టలో వెయ్యి, చెయ్యి కడుక్కో, అంతే. క్రీస్తులో ఉన్నామని చెప్పుకుంటూ నిమ్మకాయకి భయపడితే ఆ విశ్వాసం దేని మీద? ఇంకో సంగతి. మన రాయగడ, గజపతి, కోరాపుట్ వైపు పక్కింటి మనిషి మీద మంత్రగత్తె అనే ముద్ర పడితే ఆ తర్వాత ఏమేం జరుగుతాయో నేను ఆసుపత్రి డ్యూటీలో చూశాను. అది రాయను. ఒడిశాలో దీని మీద 2013లో ప్రత్యేకంగా చట్టం తెచ్చారు. ఒక ఆడమనిషిని మంత్రగత్తె అని ముద్ర వేసి వేధించడం నేరం. ప్రార్థన గుంపులో అన్న మాట అయినా మాటే. ఆ చెప్పినామె ఇంకోసారి అంటే, “మనం ఆమె ఆరోగ్యం కోసం ప్రార్థన చేద్దాం అక్కా” అని మొదలుపెట్టెయ్యి. ఆమె నోరు దానంతటదే ఆగుతుంది.

ఇప్పుడు మాట్లాడటం. నీ తోబుట్టువు తప్పు చేస్తే ముందు నువ్వూ అతనూ ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పమని మత్తయి 18లో ఉంది. అది సంఘం లోపలి సంగతే అయినా, బయట కూడా అంతకంటే మంచి పద్ధతి నేను చూడలేదు. మనం దాన్ని తలకిందులు చేస్తాం. ముందు వీధంతా చెప్తాం, తర్వాత పాస్టర్‌గారికి, తర్వాత ఫోన్‌లో పుట్టింటికి. చివరికి ఆవిడకి చెప్పేసరికి ఆవిడ ఆ మాట నలుగురి నోటా విని ఉంటుంది.

కుళాయి వచ్చే వేళ వెళ్లకు. ఆ టైములో ఎవరి బుర్రా పని చెయ్యదు. మధ్యాహ్నం అన్నాలు తిని, గిన్నెలు కడుక్కుని, కాస్త నడుం వాల్చి లేచాక, నాలుగింటి వేళ వెళ్లు. అత్తగారిని తోడు తీసుకెళ్లు, పిల్లల్ని వద్దు. పెద్దావిడే కాబట్టి “మావుసీ” (పిన్నీ) అని పిలు. నీ ఒడియా సరిగ్గా లేకపోయినా ఒడియాలోనే మొదలుపెట్టు, తప్పులు మాట్లాడేవాళ్లని తిట్టడం కష్టం. నీళ్ల సంగతి ఒక్కటే ఎత్తు. చెత్త, తిట్లు, పాటలు, నిమ్మకాయ, మూడేళ్ల కిందటి మాట, ఏవీ వద్దు. “పిల్లవాడు నిన్న జారిపడ్డాడు మావుసీ, ఈ నీళ్లకి ఏదైనా చేద్దామా, సగం ఖర్చు మేం పెట్టుకుంటాం.” ఇంతే. ‘మీరు’ అన్న చోట ‘మనం’ అని చూడు. సగం ఖర్చు మనమెందుకు పెట్టాలి, తప్పు వాళ్లదైతే? అని మీ ఆయన అంటాడు. మా ఆయనా అన్నాడు. నాలుగు అంగుళాల పీవీసీ గొట్టం, ఒక పూట మేస్త్రి కూలి. ఉపవాసాలతో నువ్వు పోగొట్టుకున్న నిద్ర కంటే చవక.

ఆదికాండం 26లో ఇస్సాకు ఏం చేశాడో చూడు. అతని పనివాళ్లు తవ్విన బావి మాదంటే మాదని గెరారు కాపరులు తగువుకొచ్చారు. ఆ బావికి ‘ఏశెకు’ అని పేరు పెట్టాడు, జగడం అని. ఇంకోటి తవ్వారు, దానికీ తగువే, అది ‘శిత్నా’ అయింది. మూడోదాని దగ్గరకి ఎవరూ రాలేదు, దానికి ‘రహెబోతు’ అన్నాడు, విశాలం అని. అతను చేతకానివాడై వదల్లేదు. అంతకుముందే అక్కడి రాజు, నువ్వు మాకంటే బలవంతుడివయ్యావు, వెళ్లిపో అన్నాడు. బలం ఉండి కూడా గొడవకి దిగలేదు. తర్వాత ఆ రాజే సంధి చేసుకుందామని వెతుక్కుంటూ వచ్చాడు. నీకూ నాకూ కొత్త బావి తవ్వేంత స్థలం లేదు, ఇల్లు మారేంత డబ్బు లేదు. గొట్టం తిప్పేంత ఉంది.

బావి అంటే మళ్లీ మా పక్కిల్లు గుర్తొచ్చింది. వాళ్ల పెరట్లో పాత గిలక బావి ఉండేది. దోమలు వస్తున్నాయి, పూడ్చేయమని నేనే గొడవ చేసేదాన్ని. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిందని నీకు తెలుసు, గజపతి జిల్లా ఏమైపోయిందో గుణుపురంలో ఉన్నావు కాబట్టి వినే ఉంటావు. మా వసారా రేకులు లేచిపోయాయి. కరెంటు పోయింది, రోజుల తరబడి రాలేదు. మోటారు తిరగదు, ట్యాంకులో నీళ్లు రెండో రోజుకే అయిపోయాయి. మూడో రోజు పొద్దున్న నేను ఖాళీ బిందెలు ముందేసుకుని కూర్చుంటే గోడ అవతల నుంచి, “నీళ్లు తోడుకోండి, తలుపు తీసే ఉంది” అని వినపడింది. తెలుగులో. బజారు సంగతి జరిగి అప్పటికి ఏడాది దాటింది. నేను పెరటి ప్రార్థన అయితే మానేశాను గాని, ఆవిడ దగ్గర నోరు తెరిచి ఒప్పుకోలేదు.

బావి గట్టు దగ్గర ఒప్పుకున్నాను. ఏడుస్తూ ఏదేదో అన్నాను. ఆవిడ చేద లాగుతూనే విని, “తిట్టారు, సరే. ఆ పేరు కూడా తప్పు పలికేవారు. మీ దేవుడు ఎవరిని వెతికి ఉంటాడో పాపం” అంది. నవ్విందో లేదో కూడా నేను చూడలేకపోయాను. ఆ తర్వాత ఆవిడ పేరు సరిగ్గా పలకడం నేర్చుకున్నాను.

దీన్ని బట్టి తుపాను వస్తే అన్నీ సర్దుకుంటాయని అనుకోకు. మేము ప్రాణ స్నేహితులం కాలేదు. ఒడియావాళ్ల రజ పండక్కి పిఠా అనే పిండివంట పంపుతుంది, క్రిస్మస్‌కి నేను కేకు, అరిసెలు పంపుతాను. మధ్యలో మామిడాకుల గొడవ ఏటా ఉంటుంది. పోయిన వారం కూడా అరటి తొక్కలు మా గేటు దగ్గరే పడున్నాయి. ఊడ్చేశాను, కొంచెం గొణుక్కుంటూనే. శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు సమస్త మనుష్యులతో సమాధానముగా ఉండుడి అని రోమా పత్రిక 12లో పౌలు రాసినప్పుడు, ‘శక్యమైతే’ అని ఎందుకు పెట్టాడో పక్కిల్లు ఉన్నవాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. నీ వంతు వరకే నీది.

నువ్వు వెళ్లి మాట్లాడాక కూడా ఆవిడ వినకపోతే? పెద్దమనుషుల్ని, వార్డు కౌన్సిలర్‌ని తీసుకెళ్లు. మన సంఘం పెద్దల్ని మాత్రమే తీసుకెళ్లకు. అప్పుడది నీళ్ల గొడవ కాకుండా మతం గొడవ అయి కూర్చుంటుంది. ఆవిడ వైపు గౌరవం ఉన్న ఒక మనిషి ఉండాలి. నీళ్లు నిలిచేది వీధి మీదైతే మున్సిపాలిటీకి రాతపూర్వకంగా ఇవ్వు, తేదీ వేసిన రశీదు తీసుకో, ఫోటోలు ఉంచుకో. దారి మీద నలుగురికీ ఇబ్బంది అయ్యే పనిని ఆపమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఇవ్వవచ్చు. పాత నేర విచారణ చట్టం (సీఆర్‌పీసీ)లో అది 133వ సెక్షన్, 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో 152. గోడ ఎవరి స్థలంలో ఉందన్న తగువు వస్తే నోటితో వాదించుకోవద్దు. ఒడిశా భూమి రికార్డులుండే భూలేఖ్ సైట్‌లో మీ పట్టా చూసుకుని, తహసీల్ ఆఫీసులో దరఖాస్తు పెడితే అమీను (సర్వే చేసేవాడు) వచ్చి కొలుస్తాడు. పొరుగువాడి సరిహద్దు రాయి జరపకూడదని ద్వితీయోపదేశకాండం 19లోనే ఉంది, అది ఇద్దరికీ వర్తిస్తుంది.

కోర్టు దాకా వెళ్లే ముందు జిల్లా న్యాయ సేవా అధికార సంస్థ ఆఫీసుకి వెళ్లు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకి కూడా అంతే. కేసు వెయ్యకముందే లోక్ అదాలత్‌లో రాజీకి పెట్టవచ్చు, అక్కడ కుదిరిన ఒప్పందం సివిల్ కోర్టు డిక్రీతో సమానం. 15100కి ఫోన్ చేసి కూడా అడగవచ్చు.

ఫిర్యాదు చెయ్యడం అవిశ్వాసం అని ఎవరైనా అంటే పౌలు తన కేసు రోమా చక్రవర్తి కైసరు ఎదుట చెప్పుకుంటానన్న సంగతి అపొస్తలుల కార్యములు 25లో చూపించు. ఇంకో ముఖ్యమైన మాట. ఇప్పటిదాకా నేను చెప్పిందంతా విసిగించే పక్కింటి గురించి. ఆ అబ్బాయి తాగి వచ్చి తలుపు కొట్టినా, నీ మీద గాని పిల్లల మీద గాని చెయ్యెత్తినా, అసభ్యంగా మాట్లాడినా, మాట్లాడటాలు, పిఠాలు, ఓర్పు అన్నీ పక్కన పెట్టు. తలుపు వేసుకుని 112కి ఫోన్ చెయ్యి. ప్రార్థన ఫోన్ చేశాక చేసుకోవచ్చు.

మీ ఆయనకి ఈ సమాధానం చదివి వినిపించు. ఫోన్‌లో ఆయన వేడెక్కించే మాటలు అంటుంటాడని రాశావు. దూరంలో ఉన్న సహోదరుడి కంటే దగ్గరున్న పొరుగువాడు మేలని సామెతల్లోనే ఉంది. అర్ధరాత్రి అత్తగారికి ఆయాసం వస్తే హైదరాబాద్ నుంచి ఆయన రాలేడు. ఆ గోడ అవతలి తలుపే కొట్టాలి, నచ్చినా నచ్చకపోయినా.

పిల్లలకి ఆవిడ కోసం పెద్ద ప్రార్థనలు నేర్పించకు. పడుకునే ముందు చెప్పే పేర్లలో, తాతయ్య, నాన్న, టీచర్ తర్వాత ఆవిడ పేరు కూడా ఒకటి చేర్చు. ఎందుకమ్మా అని అడిగితే, పక్కింట్లో ఉంటుంది కదా అని చెప్పు.

ఈ లోపల ఒక పని చెయ్యి. ఒక బకెట్ నీళ్లు మీ గేటు ముందు పోసి ఎటు పారుతాయో చూడు, ఎక్కడ ఆగుతాయో సుద్దతో గీత గీసి ఫోటో తియ్యి. వాలు మీ వైపే ఉంటే ఆవిడ గొట్టం తిప్పినా నీళ్లు మళ్లీ అక్కడికే వస్తాయి, ముందు మీ గేటు ముందు గచ్చు ఎత్తించుకోవాలి. వానలు పడ్డాక మేస్త్రీలు దొరకరు, చూసి రెండు రోజుల్లో రాయి.